ముఖం ఆయనదే, ముద్రా ఆయనదే

చిత్రశాలల గోడల మీద పేరుచీటీలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,



ఇంటికొచ్చిన శుభలేఖ ఒకటి తిరగేసి చూడండి. అడుగున ఏదో ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరూ ఊరూ ఉంటాయి. వధూవరుల పేర్లకు అద్దిన బంగారు రంగు అక్కడ ఉండదు గానీ, పేరైతే ఉంటుంది. ఎన్నికల రోజుల్లో గుమ్మంలో వచ్చిపడే కరపత్రమూ అంతే. ముద్రాపకుడి పేరు, చిరునామా లేకుండా కరపత్రం గానీ పోస్టరు గానీ వేయకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షన్ చెబుతుంది. అంతకన్నా వెనక, 1867లో వచ్చిన ప్రెస్సు చట్టం ఈ దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా ఎవరు అచ్చువేశారో, ఎక్కడ వేశారో ఉండి తీరాలంది. ముద్రాపకుల మీద ప్రేమ పుట్టి తెల్లదొరలు ఆ చట్టం చేశారనుకునేరు. ఎవరైనా రాయకూడనిది రాస్తే వెళ్లి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, అంతే. ఉద్దేశం ఏదైతేనేం, అచ్చువేసినవాడికి ఒక మూల చోటు దక్కింది.

మీ గోడల దగ్గరికి వచ్చేసరికి ఆ చోటు కూడా పోయింది.

చిత్రశాలలో ఒక లిథోగ్రాఫు ముందు నిలబడితే, పక్కనున్న చీటీలో చాలాచోట్ల నాలుగే సంగతులు కనిపిస్తాయి: చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, మాధ్యమం. ఆ ‘మాధ్యమం’ అన్న మాటలో ఎంతమంది మనుషులు ఇరుక్కుని ఉన్నారో మీకు గుర్తుచేయడమే ఈ లేఖ పని.

ఒక్క బొమ్మతో మొదలుపెడితే చాలు. 1973లో బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ లాస్ ఏంజెలెస్‌లోని జెమినీ జి.ఇ.ఎల్. అనే ముద్రణశాలలో ఒక పోర్ట్రెయిట్ చేశాడు. లిథోగ్రఫీ, స్క్రీన్‌ప్రింటింగ్ రెండూ కలిపి చేసిన రంగుల బొమ్మ అది. దాని పేరు ‘ద మాస్టర్ ప్రింటర్ ఆఫ్ లాస్ ఏంజెలెస్’. అందులో ఉన్నది కెన్నెత్ టైలర్, ఆ ముద్రణశాలను నడిపిన మనిషి. హాక్నీ తన వాళ్ల బొమ్మలు వేసినప్పుడు చాలాసార్లు వట్టి పేరు పెట్టి ఊరుకుంటాడు: సీలియా, గ్రెగరీ, హెన్రీ. ఇక్కడ మాత్రం మనిషి పేరు వెనక్కి వెళ్లి, చేసే పని ముందుకొచ్చింది. మూడేళ్ల తర్వాత అదే జెమినీలో భాగస్వామి అయిన సిడ్నీ ఫెల్సెన్ బొమ్మ వేసి, దానికి ‘సిడ్నీ ఇన్ హిజ్ ఆఫీస్’ అని పేరు పెట్టాడు. ఒకరికి ఆఫీసు, ఇంకొకరికి పనితనం. పేర్లు పెట్టడంలో హాక్నీ ఆషామాషీ మనిషి కాదు.

ఇక ఈ బొమ్మలో ఉన్న తమాషా చూడండి. నూనె రంగులతో వేసిన పోర్ట్రెయిట్ అయితే, కూర్చున్నవాడి పని కూర్చోవడమే. కుంచె అటువైపు ఉంటుంది. అచ్చు బొమ్మలో, అందులోనూ అచ్చువేసేవాడి బొమ్మలో, అలా కుదరదు. గీత గీసింది హాక్నీయే. ఆ గీత కాగితం మీదికి దిగింది మాత్రం టైలర్ శాలలో, టైలర్ కట్టుదిట్టం చేసిన పద్ధతిలో. ముఖం ఆయనదే, ముద్రా ఆయనదే. మీ చీటీలో ఆయన ముఖానికి మాత్రమే చోటుంది.

లిథో ఎలా పనిచేస్తుందో ఒకసారి తలుచుకుంటే ఈ పేచీ తేలిగ్గా అర్థమవుతుంది. జిడ్డుకీ నీళ్లకీ పడదు. 1790ల చివర్లో అలోయిస్ సెనెఫెల్డర్ అనే జర్మన్ నాటక రచయిత, తన నాటకాలు చవగ్గా అచ్చువేసుకునే దారి వెతుకుతూ ఆ వైరాన్ని పట్టుకున్నాడు. నున్నగా నూరిన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. తుమ్మబంకలో కాస్త ఆమ్లం కలిపి రాయంతా పూస్తారు. తర్వాత రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీత మీదే అంటుకుంటుంది. చదవడానికి ఇంతే. చేతికొచ్చేసరికి ఆమ్లం ఒక్క చుక్క ఎక్కువైతే సన్నటి గీతలు మాయమవుతాయి, తక్కువైతే బొమ్మ పూడుకుపోయి నల్లబడుతుంది. నీళ్లు ఎంత, సిరా ఎంత చిక్కన, రోలరు మీద ఎంత బరువు, ఆ రోజు గాలిలో తేమ ఎంత, ఇవన్నీ అచ్చువేసేవాడి మణికట్టుకి తెలియాలి. రంగుకో రాయి లేదా రేకు. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి కూడా జరగకుండా పడాలి. మొదటి ప్రతి ఎలా ఉందో యాభయ్యోదీ అలాగే ఉండాలి. చిత్రకారుడు ఆ పూట ఊళ్లో లేకపోయినా సరే.

ఈ విద్య అమెరికాలో దాదాపు అడుగంటిన కాలంలో, 1960లో, జూన్ వేన్ అనే చిత్రకారిణి లాస్ ఏంజెలెస్‌లో టామరిండ్ లిథోగ్రఫీ వర్క్‌షాప్ పెట్టింది. మన చింతచెట్టు పేరే. అది ఉన్న వీధి టామరిండ్ అవెన్యూ కాబట్టి ఆ పేరొచ్చింది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఆమె తయారుచేయాలనుకున్నది చిత్రకారుల్ని కాదు, ముద్రాపకుల్ని. అక్కడికి వచ్చినవాడే కెన్ టైలర్. 1931లో ఇండియానా రాష్ట్రంలో పుట్టి, చిత్రకళ చదువుకుని, రాయి దగ్గర నిలబడిపోయాడు. కొన్నాళ్లు టామరిండ్‌లో సాంకేతిక బాధ్యతలు చూసి, 1965లో సొంత శాల తెరిచాడు. మరుసటి ఏడు ఫెల్సెన్, స్టాన్లీ గ్రిన్‌స్టీన్‌లతో కలిసి అది జెమినీ జి.ఇ.ఎల్. అయింది. 1967లో చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ తన ఒంటి ఎక్స్‌రేలతో ‘బూస్టర్’ చేసింది అక్కడే. ఆరడుగుల లిథోగ్రాఫు. చేత్తో తీసిన లిథోగ్రాఫుల్లో అప్పటికి అదే అతి పెద్దది.

హాక్నీ, టైలర్ల జోడీ అంతకుముందే కుదిరింది. 1965లో ‘ఎ హాలీవుడ్ కలెక్షన్’ అని ఆరు లిథోగ్రాఫులు చేశారు. టైలర్ శాల ఒక ఫ్రేములు కట్టే దుకాణం వెనక ఉండేది. హాక్నీ అది చూసి, బొమ్మల చుట్టూ ఫ్రేములు కూడా తానే గీసేశాడు. కొనుక్కుని గోడకు తగిలించుకుంటే చాలు, సినిమావాళ్ల ఇంట్లో ఉండాల్సిన కళాసంపద మొత్తం ఒక్కసారిగా వచ్చేసినట్టే. ముద్రణశాల ఎక్కడ ఉందన్నది కూడా బొమ్మలోకి ఎలా దూరుతుందో చూడండి. 1973లో వాతావరణం మీద చేసిన వరస బొమ్మల్లో ‘విండ్’ అనే దానిలో, అదే వరసలోని మిగతా బొమ్మలు మెల్రోజ్ అవెన్యూ బోర్డు పక్కనుంచి గాలికి ఎగిరిపోతుంటాయి. మెల్రోజ్ అవెన్యూ అంటే జెమినీ ఉన్న వీధి.

తర్వాత టైలర్ కాలిఫోర్నియా వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ విలేజ్‌లో కొత్త శాల పెట్టుకున్నాడు. 1978లో లండన్ నుంచి కాలిఫోర్నియా వెళ్తూ హాక్నీ దారిలో అక్కడ దిగాడు. కొద్దిరోజులు ఉండి వెళ్దామనుకున్నవాడు వారాల తరబడి ఉండిపోయాడు. రంగు కలిపిన కాగితపు గుజ్జుని, ఇంకా తడి ఆరని కాగితం మీద అచ్చుల్లో పోసి, ప్రెస్సులో ఒత్తి బొమ్మ చేసే పద్ధతి ఒకటి టైలర్ చూపించాడు. ఒళ్లంతా తడిసే పని. నీళ్లతో చేసే బొమ్మకి నీళ్లే వస్తువు కావాలనిపించిందేమో, హాక్నీ చూపు టైలర్ ఇంటి ఈతకొలను మీద పడింది. పగటి కొలను, రాత్రి దీపం వెలుగులో కొలను, దూకేవాడి నీడ పడ్డ కొలను. ‘పేపర్ పూల్స్’ అని పేరొచ్చిన ఆ వరసలో ఒకటైన ‘ల ప్లాంజర్’ పన్నెండు కాగితాల పలకలు కలిపి చేసిన పెద్ద బొమ్మ. అది హాక్నీ పుట్టిన ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లోని కార్ట్‌రైట్ హాల్ చిత్రశాలలో ఉంది.

ఆరేళ్ల తర్వాత, 1984లో, ‘మూవింగ్ ఫోకస్’ అనే లిథోగ్రాఫుల వరస మొదలైంది. అందులో ఒక బొమ్మ పేరు ‘టైలర్ డైనింగ్ రూమ్’. భోజనాల గది, అంతే.

ఈ లేఖకుడి లెక్కలో ఇవన్నీ ఒకే మనిషి పోర్ట్రెయిట్లు. మొదట ముఖం, తర్వాత ఇంటి కొలను, ఆ తర్వాత భోజనాల బల్ల. సంతకాలు మాత్రం హాక్నీవి. అవి హాక్నీవే కావాలి కూడా. కొలనుని అలా చూసిన కళ్లు ఆయనవి, ఆ విషయంలో వాదన లేదు.

చిత్రకారుడు తనకు వెన్నుదన్నుగా నిలిచినవాడి ముఖం అచ్చువేయడం హాక్నీతో మొదలవలేదు. పికాసో 1937లో తన ప్రచురణకర్త ఆంబ్రోయిజ్ వొలార్ ముఖాన్ని చెక్కిన పలకల్లో మూడు, వొలార్ సూట్ అనే నూరు బొమ్మల సంపుటిలో చేరాయి. సంపుటి పేరే ప్రచురణకర్త పేరయింది. వాటిని అచ్చువేసిన ముద్రాపకుడు రోజే లాకూరియేర్ పేరు మాత్రం కేటలాగులు తిరగేసేవాళ్లకే తెలుసు. డబ్బు పెట్టినవాడికి దక్కినంత సిరా పట్టినవాడికి దక్కలేదు.

అచ్చుపని చిత్రకారుడి చేతిని ఎలా మారుస్తుందో తెలుసుకోవాలంటే అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్‌ని చూడాలి. 1972లో కాలిఫోర్నియాలోని క్రౌన్ పాయింట్ ప్రెస్‌లో, దాన్ని నడిపిన కాథన్ బ్రౌన్‌తో కలిసి ‘కీత్’ అనే పెద్ద మెజోటింట్ చేశాడు. గరుకు పలకలోని నలుపులోంచి, రుద్ది రుద్ది వెలుగు తీసే పద్ధతి మెజోటింట్. మధ్యలో మళ్లీ మళ్లీ ప్రూఫులు తీయడంతో, ముందుగా చేసిన నోటి దగ్గర పలక అరిగి ముఖం అక్కడ పాలిపోయింది. కొలత కోసం వేసుకున్న గళ్లూ బయటపడ్డాయి. క్లోజ్ వాటిని దాచలేదు. ఆ తర్వాతి చిత్రాల్లో గళ్లే ఆయన గుర్తయ్యాయి. ప్రెస్సు కింద అరిగిన పలక ఒక చిత్రకారుడి దారి మళ్లించిందన్నమాట. మీ చీటీలో దాని పేరు ‘మెజోటింట్’.

ఇక్కడ టైలర్ పక్షాన వాదిస్తున్నవాళ్లు కూడా కాస్త తడబడాల్సిన విషయం ఒకటుంది. మాస్టర్ ప్రింటర్ అనే పేరు కిందా మనుషులున్నారు. చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 2000లో టైలర్‌దే అయిన టైలర్ గ్రాఫిక్స్ శాలలో చేసిన ‘మదామ్ బటర్‌ఫ్లై’కి 46 చెక్క దిమ్మెలు, 102 రంగులు పట్టాయి. ఆ దిమ్మెల వెనక యాసు షిబాటా అనే జపనీస్ ముద్రాపకుడి చేతులున్నాయి. అదే షిబాటా తర్వాత పేస్ సంస్థలో చక్ క్లోజ్‌తో కలిసి ‘ఎమ్మా’ చేశాడు. ఒక పసిపాప ముఖానికి 113 రంగులు. చూసేవాళ్లు “అబ్బ, క్లోజ్!” అంటారు. అనాల్సిందే. ఆ వెంటనే “చెక్కిందెవరు?” అని అడిగే అవకాశం చీటీ ఇవ్వదు.

మన పూజగదుల్లోకి వస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. రవివర్మ లక్ష్మి, రవివర్మ సరస్వతి అనే మాటలు తెలుగిళ్లలో నాలుగు తరాలుగా నలిగినవే. మన తాతమ్మలు దండం పెట్టుకున్నది రవివర్మ నూనెరంగుల చిత్రాలకి కాదు, లిథో అచ్చులకి. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సుకి యంత్రాలతోపాటు పనిమంతులూ జర్మనీ నుంచే వచ్చారు. ఆ తర్వాత ప్రెస్సు లోణావళా దగ్గరి మళవలీకి మారింది, కొన్నేళ్లకు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ సాంకేతికుడి చేతికి వెళ్లింది. లక్ష్మీదేవి చీర ఎరుపు ఏ రాయి మీద, ఎవరి చేత ఒప్పిందో మనం ఏనాడూ అడగలేదు. అడిగినా ఇప్పుడు చాలా పేర్లు దొరకవు. దొరకనివి పోనీ. దొరికేవి కూడా రాయకపోవడం మీదే ఈ ఫిర్యాదు.

దీనికి ఎదురుగా మరో సంప్రదాయం ఉంది, దాంట్లో మన చిత్తూరు జిల్లా మనిషి ఉన్నాడు. నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న కృష్ణారెడ్డి, పారిస్‌లో స్టాన్లీ హేటర్ నడిపిన అతెలియె 17 అనే అచ్చుశాలలో చేరాడు. అక్కడ చిత్రకారుడు ఒకడు, అచ్చువేసేవాడు మరొకడు అనే గీత లేదు. ఎవరి పలక వారే చెక్కుకుని, సిరా పూసుకుని, ప్రెస్సు తిప్పుకోవాలి. కొత్త సంగతి ఏది తెలిసినా అందరిదీ. 1950లలో, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, కృష్ణారెడ్డి అక్కడ ఒక ఉపాయం కనిపెట్టారు. లిన్సీడ్ నూనె పాలు మార్చి సిరాల చిక్కదనం మారిస్తే, పలచటి సిరా మీద చిక్కటిది అంటకుండా జారిపోతుంది. మెత్తటి రోలరు పలక లోతుల్లోకి దిగుతుంది, గట్టిది పైపైన పోతుంది. అలా రంగుకో పలక లేకుండా, ఒకే పలక మీంచి ఒకేసారి అన్ని రంగులూ తీయొచ్చు. ఈ విస్కాసిటీ పద్ధతి గురించి జాగ్రత్తగా రాసేవాళ్లు హేటర్, మోతీ, రెడ్డి ముగ్గురి పేర్లూ రాస్తారు. కృష్ణారెడ్డి అచ్చు పక్కన ‘ముద్రణ: చిత్రకారుడే’ అని రాస్తే అది కూడా ఒక సమాచారమే. దాన్ని చూసిన కుర్రాడికి, పక్క గోడ మీది బొమ్మని వేరెవరో అచ్చువేసి ఉండొచ్చన్న అనుమానమైనా వస్తుంది.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు ఊహించడం కష్టం కాదు. చీటీలో చోటు లేదంటారు. వంటచేసినవాడి పేరు విస్తట్లో వడ్డిస్తామా అంటారు. మొదటిదానికి జవాబు ఒక్క వరుస. రెండోదానికి జవాబు మీ దగ్గరున్న బొమ్మల మీదే ఉంది. మంచి అచ్చు కింద కుడివైపు పెన్సిలుతో చిత్రకారుడి సంతకం, ఎడమవైపు ప్రతి సంఖ్య ఉంటాయి. ఇంకో మూల, కాగితాన్ని కాస్త వాల్చి వెలుగులో చూస్తే, సిరా లేకుండా ఒత్తిన చిన్న గుర్తు కనిపిస్తుంది. అది ముద్రణశాలది. దాన్ని అక్కడ ఒత్తడానికి చిత్రకారుడు ఒప్పుకున్నాడు. ఫ్రేము కట్టేటప్పుడు అంచున వేసే అట్ట తరచూ సరిగ్గా దాని మీదికే వస్తుంది. చిత్రకారుడు ఇచ్చిన చోటుని ఫ్రేము కప్పేస్తే, మిగిలింది చీటీ ఒక్కటే.

పేర్లు లేవనడానికీ వీల్లేదు. జెమినీ, టైలర్ గ్రాఫిక్స్ లాంటి శాలలు ఒక్కో బొమ్మకీ వివరాల పత్రం తయారుచేశాయి. ఏ కాగితం, ఎన్ని రంగులు, ఏ రాయి, ఎవరు ప్రూఫు తీశారు, ఎవరు ప్రతులు తీశారు, అన్నీ అందులో ఉంటాయి. కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా 1973లోనే, అంటే హాక్నీ ఆ పోర్ట్రెయిట్ చేసిన ఏడాదే, టైలర్ దగ్గర అచ్చులు సేకరించడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ ఆయన పేరుతో ఉన్న సేకరణలో 7 వేలకు పైగా వస్తువులున్నాయి. ముద్రాపకుడి పేరు మీద ఒక దేశపు జాతీయ చిత్రశాల అంత పెద్ద సేకరణ కట్టింది. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం తన అచ్చు బొమ్మల వివరాల్లో ప్రచురణకర్త, ముద్రాపకుడు, ప్రతుల సంఖ్య విడివిడిగా ఇస్తుంది. కాబట్టి మిమ్మల్ని కొత్తగా ఏదీ కనిపెట్టమని అడగడం లేదు. బీరువాలో ఉన్న కాగితం లోంచి ఒక్క వరుస గోడ మీదికి తెమ్మంటున్నాం. పేరు దొరకనిచోట ‘ముద్రాపకుడి పేరు తెలియదు’ అని రాయండి. పాత విగ్రహాల దగ్గర ‘శిల్పి తెలియదు’ అని రాయడం మీకు అలవాటే.

నమూనా కోసం ఒక చీటీ ఇక్కడ రాసి పంపుతున్నాం:

డేవిడ్ హాక్నీ
ద మాస్టర్ ప్రింటర్ ఆఫ్ లాస్ ఏంజెలెస్, 1973
లిథోగ్రాఫు, స్క్రీన్‌ప్రింటు
బొమ్మలో ఉన్నది: కెన్నెత్ టైలర్
ముద్రణశాల: జెమినీ జి.ఇ.ఎల్., లాస్ ఏంజెలెస్
రోలరు పట్టినవారు:

ఆఖరి వరుస కావాలనే ఖాళీగా వదిలాం. అది మీ దగ్గరున్న పత్రం చూసి నింపాల్సింది.

ఇట్లు,
అచ్చు బొమ్మల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడే ఒక సందర్శకుడు